ముందు తిండి, తర్వాతే మందు

"పిండి పొంగించడానికి ఇంత చదువెందుకోయ్" అని మా ఆయన పెళ్లైన కొత్తలో వేసిన జోకు ఇంకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. చుట్టాలొస్తే నన్ను పిండి డాక్టరని పరిచయం చేస్తారు, అందరూ నవ్వుతారు, నేను లోపలికెళ్లి మంచినీళ్లు తెస్తాను. పిండిని పొంగించే ఈస్టుతోనే నేను ల్యాబులో పనిచేసే మాట నిజమే. ఒక మొక్క ఆకులు బండెడు ఉడికిస్తే చిటికెడు వచ్చే మందుని ఆ ఈస్టు చేత చేయించాలని, మొక్క జన్యువులు తెచ్చి ఈస్టు కణాల్లో పెడుతుంటాను. అత్తయ్య జబ్బుపడ్డప్పుడు ఆ మందు దొరక్క మేం పడ్డ పాట్లు ఆయన మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేదు.

ఈస్టు మాత్రం నా మాట వినలేదు. జన్యువులు పెట్టగానే నీరసించి, చచ్చి సీసా అడుగుకి చేరేది. ఇంకోసారి ఇలాగే అయితే ఈ పని మూసేద్దామని మా ల్యాబు పెద్దసారు తేల్చి చెప్పేశారు. మర్నాడు పొద్దున అందరి బాక్సులూ కట్టి, పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలో మిగిలింది తింటుంటే వెనకనుంచి అత్తయ్య గొంతు.

"నువ్వు కూర్చుని తిన్నదెప్పుడే?"

ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని మాట. బస్సులో దారంతా అదే ఆలోచన, దిగేలోపు తట్టింది. ఈస్టుని నేనూ అడగలేదు. పుట్టిన క్షణం నుంచీ మందు చెయ్యి, మందు చెయ్యి అని దాని ప్రాణం తీస్తుంటే ఇక అదెప్పుడు తిని ఎదుగుతుంది?

పద్ధతి మార్చాను. ముందు మామూలు చక్కెర పెట్టి కడుపునిండా తిననిచ్చాను. బాగా పెరిగాక వేరే చక్కెర వేస్తేనే మందు పని మొదలయ్యేలా చేశాను. ఈసారి సీసా పాలలా చిక్కబడింది. మందూ వచ్చింది. పెద్దసారు కొనసాగించమన్నారు. బాత్రూములోకెళ్లి అత్తయ్యకీ ఈస్టుకీ కలిపి దండం పెట్టుకుని, కాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రం వంట అవగానే కంచం పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మ ఇంకా తినలేదుగా?"

అలవాటుగా లేవబోయాను. లేవలేదు. అత్తయ్య తన కంచం తెచ్చుకుని నా పక్కన సర్దుకుని కూర్చున్నారు.

"నేనూ ఎప్పుడూ వేడిగా తినలేదురా. గరిట అక్కడుంది, వడ్డించు."