చెవిలో పిన్ని గొంతు

మా చరిత్ర మాస్టారికి జాలీ దయా లేవు. చదువుకోడానికి పరాయి దేశం వచ్చినవాళ్ళం కదా అని కూడా చూడకుండా, ఒక్కరోజులో ఏడు పాత కట్టడాలు చూసి ఒక్కోదానికి రెండు పేజీలు రాసుకు రమ్మన్నాడు. మధ్యాహ్నం మూడింటికల్లా కోటగోడ, గడియార స్తంభం, రాతి వంతెన, ఫిరంగుల శాల ముగించాను. కాళ్ళు పీకేస్తున్నాయి. చూసిన రాజులంతా బుర్రలో కలగాపులగమైపోయారు.

ఐదోది రాజమహల్. గుమ్మం దగ్గర, చెవిలో పెట్టుకుని వినే యంత్రం చేతికిచ్చారు. అందులో ముప్పై రెండు భాషలు. తెలుగు కనబడగానే ప్రాణం లేచొచ్చి ఠక్కున నొక్కాను.

"జాగ్రత్త, గుమ్మం పొట్టిది, తల వంచండి. రాజుగారైనా వంచాల్సిందే, మనమెంత!"

అది మా పిన్ని గొంతు!

ఛ, నాకేమైనా పిచ్చా అనుకుని రెండో గది నొక్కాను. "మంచం ఇంతుంది గానీ రాణిగారికి కంటిమీద కునుకే ఉండేది కాదట, పాపం." ఆ "పాపం" అలా సాగదీయడం ఇంకెవరికీ రాదు. చిన్నప్పుడు నన్ను కందిరీగా అని పిలుస్తూ, జడలు వేస్తూ కథలు చెప్పిన గొంతది. అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనకున్నవాళ్ళు విసుక్కుంటూ నన్ను తప్పుకుని వెళ్ళారు.

పిన్ని మా అమ్మకి చెల్లెలే గానీ, పెంచింది అమ్మే. తొమ్మిదేళ్ళ కిందట, నాకు పదకొండేళ్ళప్పుడు, అమ్మకి మాటైనా చెప్పకుండా ఉద్యోగం చూసుకుని, బల్ల మీద చీటీ పెట్టి దేశం దాటిపోయింది. ఆ తర్వాత జాడ లేదు. "అసలు బతికుందో లేదో" అంటూ పిన్ని ఫొటో ముందు అమ్మ కళ్ళొత్తుకోని నెల లేదు.

యంత్రాలిచ్చే ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. "ఈ తెలుగు చదివిందెవరండీ?"

"ఆవిడా? పాత జైలు మ్యూజియంలో పని చేస్తుంది. ఐదింటికి మూసేస్తారమ్మా, తొందరగా వెళ్ళు."

ఆరోదైన సమాధుల తోటకి దూరం నుంచే ఓ దండం పెట్టి వదిలేశాను. కంగారులో ఒక బస్సు తప్పు ఎక్కి, మధ్యలో దిగి పరుగెత్తాను. జైల్లో ఉరికొయ్య ముందు ఫొటోలు దిగుతున్నవాళ్ళని తోసుకుంటూ వెనకున్న ఆఫీసు గదిలోకి వెళ్ళి పడ్డాను. అట్టపెట్టెల మధ్య కూర్చుని, ఖైదీల పాత ఫొటోల వెనక పెన్సిల్‌తో నంబర్లు వేస్తోంది పిన్ని. జుట్టు సగం నెరిసిపోయింది.

"పిన్నీ!"

పెన్సిల్ జారిపోయింది. "కందిరీగా? నువ్వేనా? ఎంత పొడుగైపోయావే!"

ఇద్దరం వాటేసుకుని ఏడ్చాం. ఏడుపు తగ్గగానే నాకు కోపం నషాళానికంటింది. "బతికున్నానని ఒక్క కబురైనా పెట్టకూడదా? అమ్మ నీకోసం కుమిలిపోతోంది. నీది గుండా, బండా?"

పిన్ని నన్ను వింతగా చూసింది. "అదేంటే? ఏటా మీ అమ్మ పుట్టినరోజుకి ఫోన్ చేస్తూనే ఉన్నాగా! 'అక్కా' అనగానే పెట్టేస్తుంది. పోయిన నెల కూడా అంతే. తొమ్మిదిసార్లు."

అమ్మా? మా అమ్మా? ఫొటో ముందు కూర్చుని అంతలా ఏడ్చే మా అమ్మా? ఇన్నేళ్ళూ మా అందరి కళ్ళల్లో దుమ్ము కొట్టిందా?

ఉన్నపళంగా ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. "అమ్మా, పిన్ని నా పక్కనే ఉంది."

టక్కున పెట్టేసింది.

"చూశావా?" అంది పిన్ని, ముక్కు తుడుచుకుంటూ. "వదిలెయ్యవే. తనకి ఇష్టం లేనప్పుడు ఎందుకు?"

వదిలే రకాన్ని కాదు నేను. వెంటనే మళ్ళీ చేశాను. మొదటి రింగు పూర్తికాకముందే అమ్మ ఎత్తింది.

"ఎందుకమ్మా ఇలా చేశావ్? మాతో అబద్ధం ఎందుకు చెప్పావ్?" అని అరిచాను.

"కోపమే! కన్నకూతురిలా పెంచితే చెప్పకుండా పోయిందని కోపం." అంది అమ్మ. "పెట్టేసేదాన్ని. పెట్టేశాక ప్రాణం ఉసూరుమనేది. మళ్ళీ చేస్తుందేమో, ఈసారి మాట్లాడేద్దామని తిండి కూడా మానేసి ఆ ఫోను పక్కనే రాత్రిదాకా కూర్చునేదాన్ని. ఒక్క ఏడాదైనా రెండోసారి చెయ్యలేదే అది!"

"నువ్వే చెయ్యొచ్చుగా?"

"ఏ ముఖం పెట్టుకుని చెయ్యనే?"

పిన్ని పెట్టెల మధ్య నేల మీద కూలబడిపోయింది. "రెండోసారి చేస్తే ఇంకా కోప్పడుతుందేమోనని భయపడ్డానే" అంది.

ఫోన్ తీసుకెళ్ళి తన ఒళ్ళో పెట్టాను. పిన్ని దాని మీదికి వంగింది.

"అక్కా" అంది.

అమ్మ పెట్టెయ్యలేదు.