శనివారం తినని పిల్లవాడు

"మొఖాలు యాదికుండయ్ సేటూ. దినానికి ఎంతమంది వస్తరు, ఎంతమంది పోతరు! ఏం తింటడో చెప్పు, ఠక్కున జెప్త," అన్నాడు హోటలు బలరాం, సగం దించిన షట్టరు కింద నుంచి తల బయటపెట్టి.

మహబూబాబాద్‌లో కాలేజీ రోడ్డు మీద వీరేశం ఎక్కిన నాలుగో హోటలు అది. ఒంటిగంట దాటింది. నాలుక అంగిలికి అతుక్కుపోతోంది.

"ఇడ్లీ తింటడు. పెరుగన్నం తింటడు. గుడ్డు వాసన గూడ పడదు వానికి. పేరు నితిన్. పొడుగ్గ, బక్కగ ఉంటడు."

"బక్కగ లేని డిగ్రీ పిలగాడు ఎవడున్నడు సేటూ?" అని నవ్వబోయిన బలరాం, వీరేశం మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

వీరేశం చెప్పలేదు. నోటితో అంటే అది నిజమైపోతుందని భయం.

ఆ ఉదయం జనగామలో కిరాణా కొట్టు తెరిచి, వెంకటేశ్వరుని పటానికి ఊదుబత్తి తిప్పుతుంటే ఫోను మోగింది. చేసింది తిరుపతి. నితిన్, అతడు ఒకే గదిలో ఉండి చదువుకుంటున్నారు. సకల జనుల సమ్మెకు కాలేజీలు మూతపడగానే తిరుపతి భూపాలపల్లిలోని ఇంటికి పోయాడు. నితిన్ మాత్రం దీక్షా శిబిరంలో కూర్చుంటానని ఉండిపోయాడు.

"బాపూ, నితిన్ మెసేజ్ పెట్టిండు. 'నా పానం పోతెనన్న తెలంగాణ ఇస్తరేమో, అమ్మను బాపును జర చూసుకో' అని. ఫోను బందు పెట్టుకున్నడు. నేను పోదామంటే బస్సుల్లేవు..." తిరుపతి ఏడుస్తున్నాడు.

ఆ నెలల్లో పేపరు తెరిస్తే ఏదో ఒక మూల ఒక పిల్లవాడి ఫోటో ఉండేది. వీరేశం ఆ పేజీ చదివేవాడు కాదు. మడిచి, చింపి, జీలకర్ర పొట్లాలు కట్టేవాడు.

"వాడు యాడ తింటడు బిడ్డా? తినేకాడ ఎవలకన్న ఎరుకుంటది," అని అడిగాడు.

"కాలేజీ రోడ్డు మీదనే బాపూ... గాడ హోటళ్లున్నయ్," అని నసిగాడు తిరుపతి.

రైళ్లు కూడా ఆ రోజు ఆపేశారు. వీరేశం మోటారు సైకిలు మీద బయలుదేరాడు. తొర్రూరులో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "సేటూ, రెండు మెతుకులు తినిపో," అని అడ్డం వచ్చినవాళ్లకు చేతులు జోడించి దాటాడు. వచ్చి చూస్తే గదికి తాళం. నిన్నటి నుంచి రాలేదన్నారు శిబిరంలో. పోలీసు స్టేషన్లో పేరు రాసుకుని, ఒక మనిషిని పట్టాల వైపు పంపారు. రైళ్లు నడవడం లేదు కదా స్వామీ, అని ఆ ఒక్క మాటనే పట్టుకుని మళ్లీ హోటళ్ల వెంట పడ్డాడు.

బలరాం తల అడ్డంగా ఊపాడు. అయిదో హోటల్లోనూ అంతే. శాకాహారం అని బోర్డున్న చోటల్లా ఎక్కి, గుడ్డు ముట్టని పిల్లవాడి గురించే అడిగాడు. అలాంటివాడు ఎవరికీ తెలియదు. కాలేజీ గేటు ముందు ఒక ఆమ్లెట్ బండి ఉంది. దాన్ని దాటాల్సి వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, మొహం తిప్పుకుని నడిచాడు.

నాలుగోసారి దాటుతుండగా భార్య ఫోను చేసింది.

"దొరికిండా?" అంది కౌసల్య.

"దేవులాడుతున్న."

"ఏడు శనివారాలు మొక్కుకున్న. వాడు ఇయ్యాల ఒంటిపొద్దు గద, కడుపుల ఏం లేకుండ..."

వీరేశం బండి పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు. బండి నడుపుతున్న ఆమె స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. ఆమె చేతికి గుడ్డు సొన అంటి ఉంది. అతని చెయ్యి గ్లాసు దాకా పోయి ఆగింది. ఇప్పుడు కూడానా, అని తనను తానే అడిగి గటగటా తాగాడు.

"ఎవలను దేవులాడుతున్నవ్ సేటూ? అన్ని హోటళ్లు ఎక్కుతున్నవ్, ఈ సుక్కి బండి కాడికి రాంగనే మొఖం అటు తిప్పుతున్నవ్. నేనేం పాపం జేసిన?"

"మావోడు గుడ్డు తినడమ్మా. నిన్నడిగి ఏం ఫాయిదా?"

"తినకుంటె తినకపాయె. అడిగితె అంటుకుంటదా ఏంది?"

ఆ ఎత్తిపొడుపుకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. "జనగామ పిల్లగాడమ్మా. పొద్దటిసంది కనిపిస్తలేడు. శనారం పొద్దంత పస్తుంటడు, రాత్రికే తింటడు. ఖాళీ కడుపుతోని యాడ తిరుగుతున్నడో..."

సుక్కి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "శనారం తినని పిలగాడా? బక్కగ, నవ్వితే కండ్లు మూసుకపోతయ్?"

వీరేశం లేచి నిలబడ్డాడు.

"పేరెన్నడు అడగలే సేటూ. డబుల్ ఆమ్లెట్, ఉల్లిగడ్డ ఎక్కువ. రెండేండ్ల సంది రోజొస్తడు. శనారం మాత్రం దోస్తులు గుంజుకొచ్చినా గా గేటు కాడనే నిలబడతడు. 'ఇయ్యాల దేవునిది అక్కా' అంటడు."

తిరుపతి నసిగింది ఇందుకన్నమాట. రెండేళ్లు. రెండేళ్లుగా తన కొడుకు గురించి తనకు తెలియనిది ఈమెకు తెలుసు. వాడు మొక్కు తప్పలేదని కూడా ఈమెకే తెలుసు. ఇది నీకు తెలిసే ఉంటుంది కదా స్వామీ, నాకెందుకు తెలియనివ్వలేదు? నేను అడగలేదనా?

"ఇయ్యాల కనబడ్డడా?"

"వచ్చిండు," అంది సుక్కి. "ఒంటిగంటకు. ఆమ్లెట్ ఎయ్యమన్నడు. ఇయ్యాల శనారం గద తమ్మీ, అన్న. 'ఇగ నాకు శనారాలు లేవక్కా, ఎయ్యి' అన్నడు. నవ్వులాటకు అంటున్నడనుకున్న. నీ దేవుని పాపం నాకెందుకు, రేపు రా, నెయ్యేసి చేస్త, అని నేను ఎయ్యలే."

ఒంటిగంటకు వీరేశం రోడ్డుకు అవతలే ఉన్నాడు. బలరాం షట్టరు ముందు నిలబడి, గుడ్డు వాసన పడని కొడుకును వెతుకుతున్నాడు.

"ఎటు పోయిండు?"

"స్టేషన్ ఎనక, నీళ్ల ట్యాంకు దిక్కు."

ఆ ట్యాంకుకు పైదాకా ఇనుప మెట్లున్నాయి. అది తలుచుకోగానే ఆమె మొహం పాలిపోయింది. "తిననీకి వస్తె ఎయ్యకపోతిని," అంటూ పెనం మీద ఎవరికోసమో కాలుతున్న ఆమ్లెట్‌ను పేపర్లో చుట్టి వీరేశం చేతిలో కుక్కింది. "ఉరుకు సేటూ!"

వీరేశం పరుగెత్తాడు. చేతిలో ఏముందో చూసుకోలేదు. ఆ పేపరు ఏ పేజీయో చూడలేదు. పట్టాల మీద కూర్చున్నవాళ్లు జై తెలంగాణ అంటున్నారు. ఇరవై ఏళ్లుగా రోజూ చదివే గోవింద నామాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇగ నాకు శనారాలు లేవక్కా. ఆ మాటే అడుగడుక్కీ చెవిలో మోగుతోంది.

నితిన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పదో మెట్టు. తల ఎత్తి పైకి చూస్తున్నాడు.

జనగామ నుంచి దారంతా అనుకుంటూ వచ్చిన తిట్లు, బతిమాలడాలు ఏవీ వీరేశం నోటికి రాలేదు. కింద నిలబడి, చేతిలో ఉన్నదాన్ని పైకి చాపాడు.

చప్పుడుకు నితిన్ కిందికి చూశాడు. తండ్రిని చూసి గబుక్కున లేచి, పైమెట్టును పట్టుకున్నాడు. "రాకు బాపూ."

"రాను. వస్తలేను."

గాలికి వాసన పైకి పోయిందేమో, నితిన్ పొట్లం వైపు చూశాడు. "గదేంది?"

"సుక్కి ఇచ్చింది. నీకే."

నితిన్ మొహం తిప్పుకున్నాడు. చిన్నపిల్లవాడి గొంతుతో అన్నాడు. "బాపూ, ఇయ్యాల శనారం."

"దేవునికి నేను జెప్పుకుంట. నువ్వు తిను."

"నీకు కోపం లేదా?"

"నువ్వు ఏం తింటవో నాకు ఎరుక లేకపాయె బిడ్డా. పొద్దటిసంది ఇంకెవలినో దేవులాడిన."

వీరేశం చాపిన చెయ్యి దించలేదు. పేపరు తడిసి, నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. నితిన్ ఆ నూనె ధారనే చూస్తున్నాడు.

"బాపూ, చెయ్యి కాలుతలేదా?"

అప్పుడు చూసుకున్నాడు వీరేశం. పెనం మీది వేడికి అరచెయ్యి ఎర్రగా పొంగి ఉంది. అయినా పొట్లం వదల్లేదు.

నితిన్ ఒక మెట్టు దిగాడు.

ఇంకా తొమ్మిది ఉన్నాయి.