మునివెంకటమ్మ ముందుపన్ను

కబ్బన్‌పేటలో ముప్పై ఏళ్లుగా పట్టునూలుకు రంగు వేసే మునివెంకటమ్మ, రంగునీళ్లున్న రాగి కాగు దించబోయి జారిపడింది. కాగు అంచు తగిలి ముందుపన్ను ఊడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. అవెన్యూ రోడ్డులో కొత్తగా బోర్డు కట్టిన పళ్ల డాక్టరు సుబ్బరాయుడి దగ్గరికి వెళ్లింది.

ఆయన కరెంటు దీపం ఆమె మొహం మీదికి వంచి, పెట్టెలోంచి ఒక పింగాణీ పన్ను తీసి ఆనించి చూశాడు. అద్దం చేతికిచ్చాడు.

"ఇది పన్ను రంగు కాదప్పా. గోడకి కొట్టిన సున్నం మాదిరి ఉండాది."

"రంగుల సంగతి మేము చదివొచ్చినామమ్మా. నువ్వు నోరు తెరిచి కూర్చో, చాలు."

దీపం కింద రంగు ఎంచేవాడిదీ ఒక చదువే! నిన్నగాక మొన్న పనికి చేరిన కూలీ కూడా ఆ తప్పు చేయదు. మునివెంకటమ్మ పెట్టె అందుకుని వరండాలోకి నడిచింది. ఎండ తగలకుండా వెలుతురు పడే చోట నిలబడి, అద్దంలో ఒక్కొక్కటే పోల్చి చూసుకుని ఒకటి ఏరింది. దాని మొదట్లో కాస్త పసుపు, కొసన బూడిద ఛాయ.

"అది పెడితే కట్టించుకున్నట్టే కనపడదు," అన్నాడు డాక్టరు.

"కనపడకూడదనే కదా వచ్చిండేది?"

"ఎవరికీ కనపడకపోతే నా పనితనం ఊరికెట్లా తెలుస్తుందమ్మా?"

అదీ సంగతి. "నీ బోర్డు వాకిట్లోనే వేలాడదీసుకోప్పా. నా నోట్లో వద్దు," అంది. ఆయన మొహం మాడ్చుకుని ఆమె ఏరిందే పెట్టాడు.

రెండు నెలలకు చుట్టాల పెళ్లిలో బట్టల వ్యాపారి వెంకటేశప్ప కనిపించాడు. అదే డాక్టరు కట్టిన పళ్లసెట్టు. అరవై ఏళ్ల ముడతల మధ్య పైనా కిందా ఒకే కొలత, ఒకే తెలుపు. నవ్వు రాని మాటకీ ఇకిలిస్తున్నాడు. కోలారు నుంచి చాలా ఏళ్లకు వచ్చిన వదిన కమలమ్మ కన్నార్పకుండా అతన్నే చూస్తోంది.

"ఎంత చక్కగుండాయి వదినా ఆయన పళ్లు. ఎవరు కట్టినారో?"

మునివెంకటమ్మ ఆమె వైపు తిరిగి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. "మరి నావి?"

"నీవేముండాయి, అందరికీ ఉండేవే కదా," అని కమలమ్మ మళ్లీ అటే తిరిగింది.

పొంగిపోవాల్సిన మాటే. అయినా మునివెంకటమ్మకు చురుక్కుమంది. ఆ చూపు మీద, అది మెచ్చిన ఇకిలింపు మీద ఒక్కసారే రోత పుట్టింది.

"అవెన్యూ రోడ్డులో సుబ్బరాయుడని ఉండాడు. పో, నీ కంటికి తగినట్టే కడతాడు," అని విస్తరి ముందుకు పోయి కూర్చుంది.