ఇల్లు అటు కాదు

నార్మన్ ఆష్‌వర్త్ గొంతు తెలియనివాళ్ళు క్రాగ్‌లీ ఊళ్ళో లేరు. మిల్ లేన్ మైదానంలో, గోల్‌పోస్ట్ వెనక గ్యాలరీలో, ముప్పై ఏళ్ళుగా అదే సీట్లో కూర్చుని అతను ఒకే ఒక్క కేక వేసేవాడు. క్రాగ్‌లీ టౌన్ కుర్రాళ్ళు ముందుకు తన్నే ధైర్యం లేక బంతిని వెనక్కి, ఇంకా వెనక్కి పంపి చివరికి గోల్‌కీపర్ కాళ్ళ దగ్గర పడేస్తే మైదానమంతా ఉసూరుమనేది. ఆ నిట్టూర్పు సద్దుమణుగుతుండగా నార్మన్ లేచేవాడు.

"ముందుకెళ్ళండ్రా, ఇల్లు అటు కాదు."

గ్యాలరీ ఘొల్లుమనేది. ఆ నవ్వు కోసమే జనం అరుపులాపి కాస్త సందు వదిలేవాళ్ళు. అతను లేవకముందే తలలు అటు తిరిగేవి. జట్టు గెలిచిన రోజులు ఎటూ తక్కువ కాబట్టి, టిక్కెట్టు డబ్బులు ఆ కేకతోనే గిట్టాయనుకుని ఇళ్ళకు పోయినవాళ్ళూ ఉన్నారు.

భార్య బెరిల్ మాత్రం ఆ కేకను ఒక్కసారి కూడా నేరుగా వినలేదు. ఆమె మ్యాచ్‌లకు వెళ్ళేది కాదు. ఉన్న గొంతంతా అక్కడే ఖర్చు పెట్టేసి, ఇంట్లో నార్మన్ పిల్లిలా ఉండేవాడు. "ఉప్పు ఇటివ్వు పిల్లా" అనడమే పెద్ద మాట. శనివారం మ్యాచ్ అయ్యాక స్నేహితుడు విల్ఫ్‌తో సందు చివర గోడకానుకుని ఓడిపోయిన ఆటను మళ్ళీ ఆడుతూ ఉంటే, బెరిల్ వెనక గుమ్మంలోంచి పిలిచేది. "నార్మన్, తిండి చల్లారిపోతోంది. ఇంటికి రా." మూడో పిలుపుకి గానీ కదిలేవాడు కాదు.

మహమ్మారి వచ్చిన వసంతంలో అతన్ని అంబులెన్సులో తీసుకెళ్ళారు. ముఖానికి మాస్కు, దాని కింద ఏదో గొణిగాడు, బెరిల్‌కు అర్థం కాలేదు. మళ్ళీ చూడనివ్వలేదు. అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చి, కుర్చీలు దూరదూరంగా వేశారు. విల్ఫ్ క్లబ్బు మఫ్లర్ చుట్టుకుని బయట పేవ్‌మెంట్ మీద నిలబడ్డాడు. మైదానం నిండిపోయే గొంతున్న మనిషిని గుసగుసలతో సాగనంపారు. అది తల్చుకుంటే బెరిల్‌కు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో అతని ఫొటోలు కావలసినన్ని ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఫోనంటే నార్మన్‌కు గిట్టదు. లీడ్స్‌లో ఉన్న కూతురు జిలియన్ తన ఫోనంతా గాలించింది, తండ్రి దగ్గు తప్ప ఏమీ దొరకలేదు.

ఎండాకాలంలో మ్యాచ్‌లు మళ్ళీ మొదలయ్యాయి, జనం లేకుండా. ఖాళీ సీట్ల ముందు ఆడుతుంటే శ్మశానంలా ఉందని, టీవీవాళ్ళు పాత మ్యాచ్‌ల జనఘోషను తెచ్చి కలిపారు. ఎవడో ఎక్కడో కూర్చుని గోలు పడితే ఒక మీట, తప్పితే ఒక మీట నొక్కుతాడట. ఒంటరిగా ఉండేవాళ్ళు ఇంకో ఇంటితో కలవొచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నాక, భార్య పోయిన విల్ఫ్ మ్యాచ్ చూడడానికి బెరిల్ ఇంటికి వచ్చాడు. ఆమె వంటగదిలో దుంపలు వలుస్తోంది. ముందు గదిలోంచి జనం ఉసూరుమన్న చప్పుడు వచ్చింది. దాని వెనకే వచ్చింది.

"ముందుకెళ్ళండ్రా, ఇల్లు అటు కాదు."

చేతిలో కత్తి జారిపోయింది. గుమ్మంలోకి వచ్చేసరికి విల్ఫ్ టీవీకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"విన్నావా?" అంది బెరిల్. "నాకు మతి పోయిందేమో అనుకున్నాను."

"పోతే ఇద్దరికీ పోయింది తల్లీ. అది మనోడే. చివర్లో గొంతు చీలింది చూశావా? ఆ రోజు వాడికి జలుబు. వాన పడుతుంటే నా కోటులో దూరి నా చిప్స్ సగం మింగేశాడు."

"నాతో ఏమీ తినలేదని చెప్పాడే."

"నీ దగ్గర అలాగే చెప్తాడు."

బంతి వెనక్కి పోయినప్పుడల్లా ఆ నిట్టూర్పు మీటే నొక్కుతున్నారని, అందులోనే నార్మన్ ఉన్నాడని తేలడానికి ఆ ఒక్క మ్యాచ్ చాలింది. సాయంత్రంలోగా నాలుగుసార్లు వచ్చాడు.

ఆ రోజు నుంచి బెరిల్‌కు ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. మామూలు పిచ్చి కాదు, తలకిందుల పిచ్చి. పిరికిగా వెనక్కి ఆడిస్తున్నాడని ఊరంతా కోచ్‌ను దుమ్మెత్తి పోస్తుంటే, ఆమె ఒక్కతే వెనకేసుకొచ్చింది.

"పాపం, బుద్ధిమంతుడు."

"బుద్ధిమంతుడా? మనల్ని కింది డివిజన్‌కు తోసేస్తున్నాడు బెరిల్."

"తొయ్యనీ. వెనక్కి పంపిస్తున్నాడు కదా."

కొన్నాళ్ళకు విల్ఫ్ కూడా బంతి వెనక్కి పోతే తిట్టడం మానేసి చెవి ఒగ్గడం మొదలుపెట్టాడు.

"రికార్డు చేసి పెడతానమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు" అంది జిలియన్ ఫోనులో.

"వద్దు. నొక్కగానే పలికేది మీ నాన్న ఎలా అవుతాడు? పిలిచిన వెంటనే వచ్చిన మనిషేనా ఎప్పుడైనా? రావాలనుకున్నప్పుడు వస్తాడు."

ఆమె చెప్పని సంగతి ఒకటుంది. శనివారం మధ్యాహ్నాలు బెరిల్ విధవరాలు కాదు. మొగుడు మ్యాచ్‌కి వెళ్ళాడు, తను ఇంట్లో దుంపలు వలుస్తోంది, అంతే. పెళ్ళయిన నాటి నుంచీ శనివారాలు అలాగే గడిచాయి. రికార్డు చేసి పెట్టుకుంటే అతను చచ్చిపోయినవాడైపోతాడు.

చలికాలం పోతూ పోతూ కోచ్ ఉద్యోగాన్ని కూడా పట్టుకుపోయింది. కొత్తగా వచ్చినవాడు కుర్రాళ్ళను ముందుకు తోలాడు. జట్టు గెలవసాగింది. ఊరు పండగ చేసుకుంటుంటే బెరిల్ ముఖం చిన్నబోయింది. నార్మన్ మ్యాచ్‌కు ఒక్కసారి రావడమే గగనమైపోయింది.

ఒక శనివారం సగం ఆట అయ్యేసరికే క్రాగ్‌లీ మూడు గోల్స్ కొట్టింది. విల్ఫ్ సోఫాలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇంత బాగా ఆడుతుంటే ఇవాళ ఇంకేం వస్తాడులే" అని బెరిల్ దుప్పట్లు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది.

గెలుస్తున్న జట్టు చివర్లో ఏం చేస్తుందో ఆటలో పుట్టి పెరిగినవాళ్ళకు తెలుసు. కాలయాపన కోసం బంతిని వెనక్కి, ఇంకా వెనక్కి, కీపర్ దాకా పంపుతుంది. విల్ఫ్‌కు తెలుసు, కానీ గెలుపు సంబరంలో చెప్పాలని తోచలేదు. పెరట్లోకి కేకేసి, ఆమె తడి చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

"వచ్చాడా?"

"వచ్చాడు. రెండుసార్లు."

"సర్లే, వచ్చేవారం వింటాను."

ఆ మధ్యలోనే ప్రకటన వచ్చింది. వచ్చేవారం జరిగేదే ఆఖరి మ్యాచ్, అదీ సొంత మైదానంలో, కొంతమంది జనాన్ని లోపలికి రానిస్తారు. ఇక మీటలతో పని లేదు. ఊరు ఊరంతా మఫ్లర్లు ఉతుక్కుంది. బెరిల్‌కు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. విల్ఫ్ మీద, తన దుప్పట్ల మీద, గుమ్మం దాకా వచ్చి చెప్పకుండా పోయిన మనిషి మీద. ఇప్పుడు తనే అడిగి జిలియన్ చేత ఆ మ్యాచ్‌ల రికార్డుల కోసం వెతికించింది. గోల్స్ ఎన్నయినా దొరికాయి. వెనక్కి పంపిన పాసులను ఎవడు దాచుకుంటాడు?

"నువ్వు రా" అన్నాడు విల్ఫ్. "వాడి సీటు ఇంకా వాడి పేరు మీదే ఉంది. ఖాళీగా ఉంటే నేను చూడలేను."

మొదటిసారి మిల్ లేన్‌లో అడుగుపెట్టిన బెరిల్‌కు ఆ చప్పుడు చెవులకు కాదు, పక్కటెముకలకు తగిలింది. ఏడాది పైగా ఇళ్ళల్లో మగ్గినవాళ్ళు ఊరికే, కారణం లేకుండా అరుస్తున్నారు. ఆమె నార్మన్ సీట్లో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి క్రాగ్‌లీ కుర్రాడొకడు తడబడి బంతిని వెనక్కి పంపాడు. అందుకున్నవాడు ఇంకా వెనక్కి తన్నాడు. బంతి కీపర్ దగ్గరికి దొర్లుకుంటూ పోయింది. మైదానం ఉసూరుమంది. ఆ నిట్టూర్పు సద్దుమణగగానే, అలవాటు కొద్దీ జనం సందు వదిలారు. అలవాటు కొద్దీ గ్యాలరీలో తలలన్నీ ఆ సీటు వైపు తిరిగాయి. అక్కడ చిన్న ముసలావిడ కనబడేసరికి ఎవరికీ చూపు ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

"నువ్వు అనమ్మా" అన్నాడు విల్ఫ్ మెల్లగా.

బెరిల్ లేచింది. అతని మాటే అందామనుకుంది. నోట్లోంచి వచ్చింది తన మాట.

"నార్మన్, తిండి చల్లారిపోతోంది. ఇంటికి రా."

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకాయన టోపీ తీశాడు.

అంతలో కీపర్ బంతిని బలంగా ముందుకు తన్నాడు. దాన్ని అందుకుని ఎవరో పరుగు తీశారు. జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు, మైదానం హోరెత్తిపోయింది. మొదటి పిలుపుకి వచ్చే మనిషి కాదని తెలుసు గనక బెరిల్ రెండోసారి పిలిచింది, మూడోసారీ పిలిచింది. అవి పక్కనే ఉన్న విల్ఫ్‌కు కూడా వినపడలేదు.