అరవై దాటితే ఆగాలె

జగదీశ్వర్ పరుగు పందెంలో పడిపోయిన సంగతి చిక్కడపల్లిలో తెలియనివాళ్లు లేరు. ఎందుకు పడ్డాడన్నది మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. దిష్టి అన్నారు, తిండి చాలలేదన్నారు. అసలు కారణం మొండితనం. జ్వరం పూర్తిగా తగ్గకముందే పోయి నారాయణగూడ చౌరస్తాలో గీత మీద నిలబడ్డాడు. హిమాయత్‌నగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి చుట్టి మళ్లీ చౌరస్తాకు రావాలి. అట్లా ఐదు చుట్లు. నాలుగో చుట్టులో హిమాయత్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. బళ్లో డ్రిల్లు మాస్టరు. తను డ్రిల్లు చేయించే పిల్లలే చుట్టూ మూగి చూశారు. మోకాలి దెబ్బ మానింది కానీ, ఆ పిల్లల చూపు మానలేదు.

మరుసటి ఏడు ఊళ్లో గొడవలు లేచి బడులు నెలల తరబడి మూతపడ్డాయి. పనిలేని డ్రిల్లు మాస్టరుకు పొద్దున లేస్తే పందెమే కళ్లముందు ఆడేది. గెలవాలని ఆశ లేదు. ఐదు చుట్లూ తిరిగి, తన కాళ్ల మీద తాను ఆ గీత దాటాలి, అంతే. ఆ ముక్కే వెళ్లి హిమాయత్‌నగర్ డాక్టరు వీరరాఘవరావుకు చెప్పాడు. ఆయన గుంటూరు వైపు మనిషి. మాట కటువు, చెయ్యి మంచిది.

"గుండె కుదుటపడిందయ్యా. కానీ ఆ జ్వరంలో పరిగెత్తి ఒకసారి దెబ్బతిన్న గుండె, దాని మాట వినాలి" అన్నాడాయన. "గట్టిగా పరిగెత్తాక రెండు నిమిషాలు నిలబడు. అప్పుడు అరనిమిషం నాడి లెక్కపెట్టు. అరవై లోపు ఉందా, మళ్లీ పరిగెత్తు. దాటిందా, ఆగిపో. అంతకు మించి నా దగ్గర మందేమీ లేదు."

"ఎవరు లెక్కబెట్టాలె సార్?"

"మనిషో, మిషనో, నీ ఇష్టం. అబద్ధం చెప్పనిదైతే చాలు."

ఆ అబద్ధం చెప్పనిదాన్ని వెతకడంలోనే తిప్పలన్నీ వచ్చాయి. ముందు తన చేతిగడియారం చూసుకుంటూ తానే లెక్కపెట్టుకున్నాడు. ఎప్పుడు చూసినా యాభై తొమ్మిదే. తన పెరుగు పుల్లనని ఎవరంటారు? సందు మలుపులో చతికిలబడ్డ రోజు కూడా యాభై తొమ్మిదే వచ్చేసరికి అతనికే సిగ్గేసింది. పందెం జరిపించే సంఘంలో పెద్దరికం చేసే స్నేహితుడు బాలకిషన్ ఎవరినో అడిగి స్టెతస్కోపు తెచ్చాడు. చెవుల్లో పెట్టుకుంటే జగదీశ్వర్‌కు తన రొప్పే తనకు వినిపించింది. "గుండె కాదన్నా, బస్సు ఇంజను ఇనబడ్తున్నది" అని తిరిగిచ్చేశాడు. పోనీ నువ్వే నాడి చూడమంటే, బాలకిషన్ మణికట్టు ముట్టీముట్టకుండానే "ఏం గాదు, నలభై, పో" అన్నాడు.

ఇక మిగిలింది భార్య నళిని. ఆమె చేయి పట్టుకుంది కానీ, ముప్పై దాటేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అరనిమిషం కాకముందే డెబ్బై అనేసింది.

"నా గుండె లెక్కబెట్టినవా, నీ గుండె లెక్కబెట్టినవా?" అన్నాడు విసుగ్గా.

"నాకు రెండూ ఒక్కటే" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు వంటింటి తలుపు చాటు నుంచి ఒక గొంతు వచ్చింది. "నళినీ, నేను లెక్కబెడ్తనని మీ ఆయనకు చెప్పు."

ఆ గొంతు నళిని తల్లి నర్సింహమ్మది. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. అల్లుడి ఎదుట పడటం వాళ్ల ఇళ్లలో లేదు. అతను ముందు గదిలో ఉంటే ఆమె వంటింట్లో, అతను వంటింట్లోకి వస్తే ఆమె పెరట్లో. ఒక కప్పు కిందే ఉంటూ జగదీశ్వర్ ఆమె ముఖం సరిగా చూసి ఎరగడు. అది కోపం కాదు, మర్యాద. ఆ మర్యాదకు మాత్రం కాళ్లు నొప్పులు పుట్టేవి, పాపం, ఇద్దరికీ.

నాడి చూడటం ఆమెకు దవాఖానాలో అబ్బింది. భర్త గుండె జబ్బుతో మంచాన పడినప్పుడు ఒక నర్సమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. ఇంటికొచ్చాక ఒకనాడు చేయి పట్టి చూసి, "ఇయ్యాల మెట్లు ఎక్కకుండ్రి, నాడి ఉరుకుతున్నది" అంది. "నీకేం తెలుసే" అని ఆయన మేడ ఎక్కాడు. మళ్లీ నడిచి దిగలేదు.

"ఒక్క షరతు" అంది తలుపు చాటు నుంచే. "ఆగుమంటే ఆగాలె. నీకేం తెలుసన్న మాట నేను ఇంకోపారి ఇన."

జగదీశ్వర్ ఒప్పుకున్నాడు. కానీ అత్త అల్లుడి చేయి పట్టుకోవడమెట్లా? దానికి నళినే ఉపాయం చెప్పింది. అతను అశోక్‌నగర్ దాకా ఉరికి వచ్చి, వరండాలో నిలబడి, ఓరగా తీసిన తలుపు సందులోంచి చేయి లోపలికి చాపేవాడు. నర్సింహమ్మ ఆ మణికట్టు మీద పట్టుగుడ్డ పరిచి, దానిమీద వేళ్లు ఆనించేది. నళిని గడియారం చూసి "ఇగ" అనేది, మళ్లీ "చాలు" అనేది. ఎదురింటి ఎంకమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు అడగనే అడిగింది. "ఏంది నళినీ, మీ ఆయన గాజులు ఏయించుకుంటున్నడా?"

అననీ అనుకున్నాడు జగదీశ్వర్. లెక్క బ్రహ్మాండంగా వస్తోంది. యాభై రెండు, యాభై నాలుగు. ఎంత ఉరికినా యాభై ఐదు దాటడం లేదు. వేగం పెంచాడు, దూరం పెంచాడు. రాత్రి కాళ్లు గుంజినా, పొద్దున మెట్టు దిగుతుంటే కళ్లు చీకట్లు కమ్మినా, లెక్క బాగుంది కదా అని సరిపెట్టుకున్నాడు.

పందెం రెండు రోజులుందనగా ఆ లెక్కలు చెప్పి మెప్పు పొందుదామని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఎట్లా చూస్తున్నారో విన్నాక వీరరాఘవరావు నవ్వలేదు. అతన్ని వీధి చివరిదాకా రెండుసార్లు ఉరికించాడు. మణికట్టు మీద జేబురుమాలు వేసి చూశాడు, తీసి చూశాడు.

"మెత్తగా కొట్టే దెబ్బలు గుడ్డలోనే ఇంకిపోతున్నాయయ్యా. అలిసిన గుండె కొన్ని మెత్తగానే కొడుతుంది. ఆవిడ తప్పు చెప్పలేదు. ఆవిడకు అందింది ఆవిడ చెప్పింది."

ఇంటికి నడుస్తూ జగదీశ్వర్ ఈ సంగతి దాచేద్దామా అనుకున్నాడు. యాభై నాలుగు చాలా మంచి లెక్క. రెండు రోజులు నోరు మూసుకుంటే సరిపోతుంది. నారాయణగూడ దాటేదాకా అదే ఆలోచన. గుమ్మంలో అడుగు పెట్టేసరికి తన మీద తనకే రోత పుట్టి, మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. నర్సింహమ్మ నెత్తి మీద కొంగు సర్దుకుంటూ గడప దాటి, వరండాలో పీట వేసుకుని కూర్చుంది. పట్టుగుడ్డ లోపలే ఉండిపోయింది.

"ఉరికి రాండ్రి" అంది నేరుగా అతనితోనే.

ఉరికి వచ్చాడు. రెండు నిమిషాలయ్యాక ఆమె వేళ్లు ఉత్త చేతి మీద పడ్డాయి. అంట్లు తోమిన నీళ్ల చల్లదనం ఇంకా వాటికి ఉంది.

"అరవై ఆరు. పందెం బంద్."

"ఏడాది సంది దీనికోసమే ఉన్న, అత్తమ్మా."

"షరతు ఏంది?"

జగదీశ్వర్ వరండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "ఆగుమన్నరు గని డాక్టరు మానుమనలేదు గదా. మెల్లగ ఉరుకుత. చుట్టు చుట్టుకు మనింటి ముందల ఆగుత. మీరు చెయ్యి చూడుండ్రి. పొమ్మంటేనే పోత, లేకుంటే ఆడనే నిలబడ్త."

"రోడ్డు మీదనా? నలుగురు చూస్తరు."

"చూడనియ్ అమ్మా" అంది నళిని.

నర్సింహమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. డాక్టరును అడిగితే, ఆవిడ ఉంటానంటే సరేనన్నాడు. పందెం నాడు పొద్దున చూస్తే, ఆమె పీట తీసుకుని రోడ్డు పక్కకు వచ్చి కూర్చుని ఉంది.

మొదటి చుట్టుకు అతను ఆగితే జనం నవ్వారు. అత్త అల్లుడి చేయి పట్టుకుని చిక్కడపల్లి రోడ్డు మీద పెదవులు కదుపుతుంటే నవ్వరా మరి. ఎంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నర్సింహమ్మ తల ఎత్తలేదు. "పోండ్రి" అంది. రెండో చుట్టుకు నవ్వులు తగ్గాయి. మూడో చుట్టుకు ఎంకమ్మే చెంబుతో నీళ్లు తెచ్చింది. నాలుగో చుట్టులో ముందుగా ఆ బట్టల దుకాణం మెట్లు వచ్చాయి. వాటి మీద అతని బడి పిల్లలు నిలబడి ఉన్నారు. జగదీశ్వర్ వాళ్లకేసి చూసి, చేయి ఊపి, దాటిపోయాడు. ఇంటి ముందు ఆమె చాలాసేపు ఆపి కానీ వదల్లేదు.

ఐదో చుట్టులో వెనక ఎవరూ లేరు, ముందు ఉన్నవాళ్లంతా కనుమరుగయ్యారు. చిక్కడపల్లిలో ఇల్లు కనిపించింది. ఇంకెంత, చౌరస్తా అదిగో. ఈ ఒక్కసారి ఆగకపోతే ఏమన్న అయితదా అనిపించింది. కాళ్లు ఆ మాటే అంటున్నాయి. నర్సింహమ్మ పీట వదిలి నడిరోడ్డు మీదికి వచ్చి, చేయి చాపి నిలబడి ఉంది. అతను తన చేయి అందించాడు.

లెక్క ఎంతో ఆమె చెప్పలేదు. "ఆగు బిడ్డా" అంది.

ఆగాడు. మళ్లీ చూసింది, మళ్లీ ఆగమంది. ఇంతలో బాలకిషన్ సైకిలు తొక్కుకుంటూ ఎదురొచ్చాడు. "జర జల్దీ రా అన్నా, ఆడ అంతా సర్దేస్తున్నరు. ఇంత దూరం వచ్చి గిప్పుడు పెద్దమ్మ మాట ఇంటవా, ఆమెకేం తెలుసు?"

నర్సింహమ్మ ముఖం పాలిపోయింది. జగదీశ్వర్ బాలకిషన్ వైపు తిరగను కూడా తిరగలేదు.

"మీకు తెలుసు అత్తమ్మా" అన్నాడు. "మీరే చెప్పుండ్రి."

ఆమె కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి ఒక చేయి ఖాళీ లేదు, రెండో చేతిలో కొంగుంది. కొంగు వదిలేసి ఆ చేత్తో తుడుచుకుంది.

"ఉరుకకు, నడువు. నేను చెయ్యి ఇడువ."

ఇద్దరూ నడిచారు. రోడ్డుకు రెండు వైపులా జనం చూస్తున్నారు. గడియారం పట్టుకుని నళిని వెనకాల వస్తోంది. చౌరస్తాలో సున్నంతో గీసిన గీత జనం తొక్కిడికి సగం చెరిగిపోయింది. మిగిలిన సగాన్ని అత్తా అల్లుడూ కలిసే దాటారు. దాటాక కూడా ఆమె వేళ్లు అతని మణికట్టు మీదే ఉన్నాయి. నళిని "చాలు" అనేదాకా ఉండి, కూతురితో కాకుండా అల్లుడి ముఖంలోకే చూసి చెప్పింది.

"యాభై ఎనిమిది."