తాళం వెయ్యని స్విచ్

ఎవరూ ముట్టుకోకుండానే లాప్‌టాప్ తెరమీద బాణం గుర్తు అటూ ఇటూ ఉరుకుతోంది. సంతోషి చూస్తుండగానే, తెరిచి ఉన్న పేజీని అదే మూసేసింది.

"కాకా, పరీక్షల గిట్ల పేజీ మారితే రద్దు చేస్తరు. మళ్ల రాయనియ్యరు," అంది. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగానికి పరీక్ష. కాసేపట్లో మొదలు.

పక్క క్వార్టర్ పిల్ల అడిగిందని తన లాప్‌టాప్ ఇచ్చాడు జగదీశ్వర్. గనిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కూర్చోలేక లేస్తున్నాడు, నిలబడలేక కూర్చుంటున్నాడు. టచ్‌స్క్రీన్ మూల పగిలింది. లేని వేలు తాకుతున్నట్టు అది భ్రమపడుతోంది. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామును దించేయాలి. కమాండ్ కొట్టాడు. బాణం ఆగింది. రెండింటికీ డ్రైవర్ ఒకటే కావడంతో టచ్‌ప్యాడ్ కూడా ఆగిపోయింది.

"అయిపాయె!" అంది సంతోషి.

"ఆగు బిడ్డా."

బీరువా సొరుగులో మౌస్ ఉంది. చివరి రోజుల్లో వేళ్లు సహకరించక ఆయన భార్య సంధ్యారాణి కొనిపించుకున్నది. తగిలించగానే అడుగున ఎర్రగా వెలిగింది. మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాడు.

అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ రెక్కలు గలగలలాడాయి. వదులుగా ఉన్న ప్లగ్గు సాకెట్లోంచి జారింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కనుక తెర నల్లబడింది.

ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే బాణం మళ్లీ ఉరికింది.

"ఇందాక ఆపిండ్రు కద?"

"ఆపిన. తాళం వెయ్యలె." నుదురు కొట్టుకున్నాడు. "గనిల మోటారు విప్పేముందు స్విచ్ బంద్ చేసి, తాళమేసి, తాళంచెవి జేబుల పెట్టుకుంటం. లేకుంటే తర్వాతి షిఫ్టోడు ఆన్ చేస్తడు. సర్వీసంతా మందికి చెప్పి, ఇయ్యాల నేనే మరిచిన."

"మీ గని ముచ్చట పరీక్షల రాదు కాకా, జల్ది చెయ్యుండ్రి!"

డ్రైవర్‌ను మళ్లీ దించాడు. సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు చదివే ఫైల్లో, దీన్ని ఎక్కించవద్దని ఒక వరుస రాసి సేవ్ చేశాడు. తర్వాత తానే రీస్టార్ట్ చేశాడు.

"మంచిగున్నదాన్ని మళ్లెందుకు బంద్ చేసిండ్రు?"

"తాళమేసినంక స్విచ్ ఓసారి నొక్కి చూడాలె బిడ్డా."

తెర వెలిగింది. బాణం నడిమధ్యన నిలబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కదల్లేదు. సంతోషి మౌస్ మీద చెయ్యి వేశాకే కదిలింది.

పరీక్ష మొదలైంది. జగదీశ్వర్ గోడకు ఆనుకుని నేలమీద చతికిలబడి, ప్లగ్గును సాకెట్లోకి అదిమి పట్టుకున్నాడు. ఆ పిల్ల చివరి జవాబు నొక్కేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.