తీర్పులక్క చెవి మిషను

మా అక్క ఒక సినిమాను "బాగుంది" అన్న రోజున నాకు భయం వేసింది.

ఎందుకో తెలియాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమె టైలరు. షాపులో రెండు కుట్టుమిషన్లు, గోడకో టీవీ. ఆ టీవీకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా విశ్రాంతి ఉండదు. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ వారం ఏ సినిమాకు వెళ్ళాలో, దేనికి వెళ్ళకూడదో కూడా తెలుసుకుని వెళతారు. అందుకే వీధిలో అందరూ ఆమెను తీర్పులక్క అంటారు. "ఇంటర్వెల్ దాకా చూసి వచ్చేయండి, ఆ తర్వాత ఏం తీయాలో డైరెక్టరుకే తోచలేదు" అంటుంది. సూదిలో దారం ఎక్కిస్తూనే సీరియల్ సంగతీ తేల్చేస్తుంది. "ఆ పిల్ల సోమవారం మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇవాళ గురువారం. ఇంకా మూడు మెట్లున్నాయి." ఆమె తిట్టని సినిమా లేదు, చూడని సినిమా అసలే లేదు.

నేనూ తక్కువ తినలేదు. సీరియళ్ళను తిట్టడంలో ఇద్దరం ఒకటే. మాకు పేచీ వచ్చేదల్లా పాటల దగ్గర. నాకు మాటలు ముఖ్యం. మాట బాగుంటే ట్యూను ఎలా ఉన్నా క్షమించేస్తాను. అక్కకు మాటలతో పనే లేదు. "పల్లవి ఎవరైనా కడతారే. పల్లవికీ చరణానికీ మధ్య ఏం పెట్టాడో చూడు, అక్కడ తెలుస్తుంది వాడి సత్తా" అంటుంది. అందుకు ఆమె చూపించే సాక్ష్యం మా చిన్నప్పటి వానపాట. అందులో రెండో చరణానికి ముందు పదకొండు సెకన్ల పాటు ఒక ఫ్లూటు ఒంటరిగా వస్తుంది. "పాడినాయనకు సన్మానాలు చేశారు. ఈ ఫ్లూటు ఊదినాయన పేరైనా ఎవరికైనా తెలుసా?" అని ఆయన తరఫున ఇప్పటికీ పోట్లాడుతుంది. ఫ్లూటు తీసేసినా పాట నిలబడుతుందని నేను, మాటలు తీసేసినా నిలబడుతుందని ఆమె. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళ లెక్కలో మూడే కాళ్ళు. ఫోన్లో ఇలా వాదించుకుంటుంటే ఇద్దరిళ్ళలోనూ వంట మాడేది.

మూడేళ్ళుగా ఆ వాదనలు తగ్గుతూ వచ్చాయి. వయసు మీదపడి మెత్తబడిందిలే అనుకున్నాను. చివరికి పోయిన నెలలో, హీరో మాట్లాడేది తక్కువా నడిచేది ఎక్కువా అయిన ఒక సినిమా ఎలా ఉందక్కా అని అడిగితే, "బాగుంది" అంది. అంతే. ఇంకో ముక్క లేదు. అప్పుడు అర్థమైంది నాకు. అక్కకు వినపడటం లేదు. ఎవరికీ చెప్పుకోలేక అన్నింటికీ తలూపుతోంది.

సిగ్గుపడాల్సింది ఏమిటంటే, నా ఉద్యోగమే చెవి మిషన్లు అమర్చడం. తొమ్మిదేళ్ళుగా అదే పని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంత అక్క చెవుల సంగతి నాకే తెలియలేదు. మర్నాడే కూర్చోబెట్టి పరీక్ష చేశాను. ఉన్నవాటిలో మంచివి తెప్పించి రెండు చెవులకూ పెట్టి పంపాను. మా దగ్గర రెండు వారాలు వాడి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు.

సరిగ్గా పద్నాలుగో రోజు పొద్దున నేను క్లినిక్ తాళం తీసేసరికి అక్కా బావా మెట్ల మీద నిలబడి ఉన్నారు. అక్క చేతిలో మిషన్ల ఖాళీ డబ్బా ఉంది, మిషన్లు ఇంకా చెవులకే ఉన్నాయి.

"ఇవి తీసేసుకోవే" అంది లోపలికి రాగానే.

"ఏం, మాటలు వినపడట్లేదా?"

"మాటలు భేషుగ్గా ఉన్నాయి. మీ బావ గొణుక్కునేవి కూడా వినపడుతున్నాయి."

"నా కష్టాలు ఎవరితో చెప్పుకోను" అన్నారు బావ. ఆయన బస్సు డ్రైవరు. ఆ పూట సెలవు పెట్టి మరీ వచ్చారు.

"మరి ఇంకేంటక్కా?"

"వానపాట పెట్టుకున్నాను. ఆ ఫ్లూటు వణికిపోతోందే. ఊదేవాణ్ణి ఎవరో భుజాలు పట్టుకుని కుదిపేస్తున్నట్టుంది. సాగాల్సిన చోట తెగిపోతోంది. పదిసార్లు విన్నాను, పదిసార్లూ అంతే."

"ఇవి లేకపోతే అసలు వినపడదు కదా!"

"వినపడదు. కానీ ఎలా ఉండేదో గుర్తుంది. వీటితో ఇంకో పదిసార్లు విన్నానంటే ఆ గుర్తు కూడా చెడిపోతుంది. నాకా గుర్తు చాలు. మాటలంటావా, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చినట్టే నెట్టుకొస్తాను."

నాకు కోపం వచ్చింది. భయం వేసినప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే. పాత రికార్డింగు అరిగిపోయి ఉంటుందనీ, చెవులు అలవాటుపడాలనీ, తొమ్మిదేళ్ళలో ఒక్కరూ ఇలా అనలేదనీ గడగడా అప్పజెప్పాను. అంతటితో ఊరుకోకుండా, "మిషన్ తప్పు కాదక్కా, నీ చెవులే మర్చిపోయాయి" అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్క డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసి, చెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చింది.

ఇప్పుడు తీసి ఇచ్చిందంటే మళ్ళీ ఈ జన్మలో పెట్టుకోదు. ఒకసారి తీర్పు చెప్పాక మా అక్క వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"రికార్డింగు అంటావేంటమ్మాయ్" అన్నారు బావ నెమ్మదిగా. "నా ఈల కూడా అలాగే వణుకుతోందట. నేనేమైనా రికార్డింగునా?"

బావ డ్యూటీ దిగి ఇంటికి రాగానే గుమ్మంలో ఒక ఈల వేస్తారు. పెళ్ళయినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

"ఏదీ, ఇప్పుడు వేయండి బావా!"

ఆయన నున్నగా, పొడుగ్గా ఒక ఈల వేశారు. నాకు నిలకడగానే ఉంది.

"అదిగో, వణికింది" అంది అక్క.

నా నెత్తిన నేనే మొట్టికాయ వేసుకున్నాను. నిజంగానే, చప్పుడయ్యేలా.

చెవి మిషను వదులుగా ఉంటే కుయ్యిమని కూత పెడుతుంది. పక్కనున్నవాళ్ళకూ వినపడుతుంది. మా పనిలో అంతకన్నా నామోషీ లేదు. అందుకే ఆ కూతను పసిగట్టి నొక్కేసే ఏర్పాటు మిషన్ లోపలే ఉంటుంది. మామూలుగా దాన్ని మధ్యస్థంగా ఉంచుతాం. అక్క షాపులో నలుగురి మధ్య కూర్చుంటుంది, మిషన్ కూస్తే నవ్వుతారేమోనని ఆమెకు మాత్రం చివరిదాకా పెంచాను. ప్రేమతో! ఆ మిషనుకు సంగీతం ఏం తెలుసు? సన్నగా, పొడుగ్గా ఏ స్వరం వచ్చినా తన కూతే అనుకుని గొంతు నొక్కుతూ వదులుతూ ఉంది, అదే ఆ వణుకు. ఫ్లూటుదీ అదే గతి, బావ ఈలదీ అదే గతి. మాటలకు మాత్రం ఏ లోటూ రాలేదు. మాటలే ముఖ్యమనుకునే నేను మాటలు మాత్రమే వినిపించి చూసి పంపాను. ఒక్క పాటైనా పెట్టి చూడలేదు. అదీ మా అక్కకు!

"తప్పు నాదక్కా. నీ చెవులది కాదు. పది నిమిషాలు కూర్చో, నీకు పుణ్యముంటుంది."

"చెవిటిదాని ముందు ఇంకా శంఖం ఊదుతావా?" అని విసుక్కుంది గానీ కూర్చుంది.

మిషన్లను కంప్యూటరుకు కలిపి, పాటల కోసం విడిగా ఒక సెట్టింగు చేశాను. అందులో ఆ నొక్కుడు పూర్తిగా తీసేశాను. మరి కూయకుండా ఉండాలి కాబట్టి, చెవిలో దూర్చే రబ్బరు బుడిపెలు ఒక సైజు పెద్దవి, బిగుతైనవి వేశాను. రోజూ చేసే పనే అయినా రెండుసార్లు బుడిపె కింద పడేశాను. తర్వాత స్పీకరులో వానపాట పెట్టాను.

పల్లవి అయింది. మొదటి చరణం అయింది. అక్క ముఖంలో ఏమీ తెలియడం లేదు, గుడ్డ కొలిచేటప్పుడు ఉండే ముఖమే. ఫ్లూటు మొదలైంది. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుని పదకొండు సెకన్లూ వదల్లేదు.

"వచ్చాడే" అంది. "అలాగే ఉన్నాడు."

బావ అటు తిరిగి, గోడ మీద ఉన్న చెవి బొమ్మను మహా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అక్క కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఇంకోటి పెట్టు. నేను విననిది పెట్టు. ఈ మూడేళ్ళలో వచ్చినవాటిలో నీకు అన్నిటికన్నా నచ్చింది ఏది?"

ఆలోచించే పనే లేదు. విడిపోయిన ఇద్దరు స్నేహితుల మీద ఒక పాట ఉంది, దానిలో ప్రతి మాటా ఏరి కూర్చిందే. నాకు ప్రాణం. రోజుకు రెండుసార్లయినా వింటాను. అదే పెట్టాను. అక్క తల వంచుకుని చివరిదాకా విన్నది. అయిపోయాక కుడిచెవి మిషను సర్దుకుని, నా వైపు జాలిగా చూసింది.

"మధ్యలో ఏముందే ఇందులో, డబ్బాలు కొట్టడం తప్ప! ఒక్క వాయిద్యాన్నైనా ఊపిరి తీసుకోనిచ్చాడా? ఆ పాడేవాడు చూస్తే జలుబుతో మంచం మీద నుంచి లేచొచ్చినట్టున్నాడు. దీన్నా నువ్వు రోజూ వింటున్నది? మూడేళ్ళు నేను పట్టించుకోకపోయేసరికి ఎలా పాడైపోయావే!"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ పాటను వెనకేసుకొచ్చాను.